కుజ్మన్ కొలిచిన అల్మారా

నేల నుంచి పైకప్పు దాకా ఒకటే అల్మారా కావాలంది వెలికా. ప్లోవ్‌దివ్‌లోని ఆ ఇరుకు ఫ్లాటులో వంటగది పెరగాలంటే పైకే పెరగాలి మరి. వడ్రంగి కుజ్మన్ వచ్చి కొలిచాడు. ఎత్తొక్కటే కొలిచాడు, అదే కొంప ముంచింది. పైకప్పుకు వేలెడు తక్కువగా చెక్కలు కోసి, నేలమీద పడుకోబెట్టి, జిగురు పెట్టి బిగించేశాడు.

"నిలబెట్టే బిగిద్దాం మామయ్యా. పడుకున్నదాన్ని లేపేటప్పుడు పై మూలకు ఎక్కువ ఎత్తు కావాలి, తగులుకుంటుంది," అని అల్లుడు రాంగెల్ పొద్దున్నే చెప్పాడు.

"నాకే నేర్పుతున్నావా అల్లుడూ? నువ్వు పుట్టకముందు నుంచి ఈ ఊరికి అల్మారాలు చేస్తున్నాను."

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రాంగెల్ ఇల్లరికం వచ్చి తొమ్మిదేళ్లయింది. మామ ఇంట్లో తింటూ, మామ కొట్లో చెక్క కోసే అల్లుడికి నోరెక్కడిది?

అల్మారా నిలబెట్టాల్సిన గోడ గూటిలోకి రాంగెల్ దూరి వెనక నుంచి ఎత్తాడు. ముందు నుంచి కుజ్మన్ గునపం పెట్టి బలంకొద్దీ లేపాడు. సగానికి పైగా లేచిన అల్మారా పై మూల పైకప్పులోకి దిగబడి ఆగిపోయింది. ఇక పైకి లేవదు, కిందికి రాదు. మూడు వైపులా గోడ, నాలుగో వైపు మామ చేసిన చెక్క. మోకాళ్లు గడ్డానికి ఆనించి రాంగెల్ ఆ సందులో ఇరుక్కుపోయాడు. నిండుగా ఊపిరి తీయడానికి కూడా చోటు లేదు. అతనికి నిజంగానే భయమేసింది.

"రంపంతో పై మూల కోసెయ్యండి మామయ్యా!"

కాసేపటికి పక్క సందులో కుజ్మన్ మీసం కనబడింది. ఆయన గొంతు తగ్గించాడు. "కోస్తాను. ఆవిడ కాఫీ తెస్తోంది. కొలత నీదేనని చెప్పు."

వెలికా తన అక్క ఇంటి వంటగది పని రాంగెల్ ఒక్కడికే ఇప్పిస్తానని నిన్ననే మాటిచ్చింది. ఆ పని చేస్తే భార్య దోబ్రినాతో, పాపతో వేరే కాపురం పెట్టొచ్చు. తప్పు నెత్తిన వేసుకుంటే ఆ పని పోయినట్టే. వేసుకోకపోతే బయటికి తీసే దిక్కు లేదు. అడకత్తెరలో పోకచెక్కే నయం.

"నడుం విరిగిపోతోంది మామయ్యా."

"ఒక్క ముక్క చెప్పడానికి నడుమెందుకులే."

వెలికా రానే వచ్చింది. పైకప్పు చూసి కాఫీ పళ్లెం అక్కడే పెట్టేసింది. "అయ్యో నా ఇల్లు! ఎవరయ్యా కొలిచింది?"

కుజ్మన్ దగ్గాడు. తొమ్మిదేళ్లుగా రాంగెల్ ఆ దగ్గుకు తలూపుతూనే ఉన్నాడు. ఇప్పుడు తలూపడానికీ చోటు లేదు.

"మామయ్యే కొలిచారమ్మా. ఇలా వద్దని నేను పొద్దున్నే చెప్పాను."

రంపం సంచిలో పడిన చప్పుడు వినబడింది. వీధి తలుపు దడాలుమంది. "మళ్లీ నా గడప తొక్కావో, కాళ్లు విరగ్గొడతా!" అన్న కేక మెట్ల మీద నుంచి వచ్చింది.

వెలికా బిక్కమొహంతో సందులోకి తొంగి చూసింది. "ఇప్పుడెలాగయ్యా? మా ఇంట్లో రొట్టె కోసే కత్తి తప్ప ఇంకేం లేదు."

"పళ్లున్న కత్తేనా?"

"ఆ, పళ్లున్నదే."

"అయితే ఇలా ఇవ్వండమ్మా, సాయంత్రానికి బయటపడతాను," అన్నాడు రాంగెల్. "ఈలోగా దోబ్రినాకు ఫోన్ చేసి, మూటాముల్లె సర్దుకోమని చెప్పండి."