దానమయ్యగారు వినడానికి వచ్చిన రోజు

గుత్తిలో పాస్టర్ల సదస్సుకు వెళ్లొచ్చినప్పటి నుంచి దానమయ్యగారికి వినడం పట్టుకుంది. సంఘంలో ఒక్కొక్కరి దగ్గరా విడిగా కూర్చొని వాళ్ల మనసులో మాట వినాలని అక్కడ చెప్పారట. ఆ సంగతిని ఆయన ఆదివారం మైకులో మధ్యాహ్నం దాకా వివరించారు. పిల్లలు నిద్రపోయారు. పెద్దలు ఆకలికి ఓర్చుకున్నారు.

మారెక్క మాత్రం ఆశపడింది. శెనక్కాయ పంట ఎండిపోయిన దగ్గరి నుంచి ఆమె భర్త సుంకప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు. పొద్దున్నే పోయి ఎండిన బోరు దగ్గర కూర్చుంటాడు. పంపిన సంగటి పంపినట్టే ఇంటికొస్తుంది. సోమవారం అటక మీది పురుగుమందు డబ్బాను మారెక్క తీసుకుపోయి దిబ్బలో పూడ్చింది.

మంగళవారం ముదిగుబ్బ నుంచి అయ్యగారు మోపెడ్ మీద వచ్చారు. మంచం మీద కూర్చొని, చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

“ఈ పొద్దు నేను మాట్లాడేది లేదు మారెక్కా. నువ్వు చెప్పు, నేను వింటా.”

“మా ఇంటాయన, అయ్యగారూ...”

“సుంకప్పా! బంగారట్లాంటి మనిషి. మా నాయనా అట్లనే ఉండె...” అని మొదలుపెట్టి, తండ్రి గురించి, తన మోకాలి గురించి చెప్పి, మోపెడ్ రిపేరు దాకా వచ్చారు. మజ్జిగ తాగడానికి ఆగారు.

“ఆయన బోరు కాడనే...” అంది మారెక్క సందు చూసుకొని.

“అర్థమైందిలే. నీళ్లు పడల్యా. ప్రార్థన చేద్దాం.”

నీళ్ల కోసం గట్టిగా ప్రార్థించారు. దేవుడు పొలం పొరబడకుండా, మధ్యలో ఒక కన్ను తెరిచి సర్వే నంబరు కూడా అడిగి చెప్పారు. చివర, “నువ్వూ ఒక మాట ప్రార్థన చెయ్యమ్మా,” అన్నారు.

మారెక్క కొంగు తల మీదికి లాక్కుంది. దేవుడితో మాట్లాడేవాళ్లకు అడ్డం పోవడం ఆ సంఘంలో ఎవరికీ అలవాటు లేదు, అయ్యగారికి కూడా.

“ప్రభువా, మా ఇంటాయన తినేది లేదు, మాట్లాడేది లేదు. మందు డబ్బా నేను పూడ్చిపెట్టినా. ఇంకోటి తెచ్చుకుంటే నేనేం చేసేది? నీళ్లు తర్వాత ఇద్దువులే. నీ దాసుణ్ణి ఇప్పుడే బోరు కాడికి పంపు. ఆయన పక్కన కూసోబెట్టు. మా ఇంటాయన నోరు తెరిచేదాకా నీ దాసుని నోరు మూసిపెట్టు తండ్రీ. యేసు నామంలో అడుగుతాండా.”

“ఆమెన్!” అన్నారు దానమయ్యగారు అలవాటు కొద్దీ. అన్న తర్వాత గాని దేనికన్నారో తెలిసిరాలేదు. లేచి చెప్పులేసుకున్నారు.

బోరు దగ్గర సుంకప్ప తల ఎత్తలేదు. అయ్యగారు పక్కన కూర్చొని నోరు తెరిచారు. గట్టు మీద సంగటి గిన్నెతో నిలబడ్డ మారెక్క కనబడగానే మూసుకున్నారు. దగ్గారు. మోకాలు రుద్దుకున్నారు. ఎండ చెమటలు పట్టించింది.

చాలాసేపటికి సుంకప్పే అనుమానంగా తిరిగి చూశాడు.

“ఏం అయ్యగారూ, ఒంట్లో బాగలేదా? ఉలుకూ పలుకూ లేదే!”

అయ్యగారు సుంకప్ప చేయి పట్టుకున్నారు.

“నాగ్గూడా బాగలేదు అయ్యగారూ,” అన్నాడు సుంకప్ప. “ఏం చెప్పేది... పంట పోయినప్పటి నుంచీ...”

మారెక్క గిన్నె కింద పెట్టి, గట్టు మీదే చతికిలబడింది.