చిస్పాకు వేసిన ఎముక

మా ఆయన పేరు ఎవరిస్తో. గొర్రెల ఉన్ని కత్తిరించే జట్టుతో దక్షిణానికి వెళ్ళి రెండు నెలలు దాటింది. మా చుబుత్ లోయలో ఫోన్లు పనిచెయ్యవు. ఎవరికేం చెప్పాలన్నా రేడియోకి కబురు పంపాలి, మధ్యాహ్నం పన్నెండున్నరకు వాళ్ళు చదువుతారు. మొగుడూ పెళ్ళాల మాటలు లోయంతా వినాల్సిందే. ఈ రెండు నెలల్లో ఆ మహానుభావుడు పంపింది ఒక్కటే కబురు. "చిస్పాకు కాల్చిన ఎముక పెట్టకు. పచ్చిదే పెట్టు, దాని తలకాయంత పెద్దది. నమిలి నమిలి చిన్నదైతే లాగెయ్."

చిస్పా మా నాలుగు నెలల కుక్కపిల్ల. నేనెలా ఉన్నానో ఒక్క ముక్క అడగలేదు. ఒళ్ళు మండిపోయింది. అయినా చెప్పినట్టే చేశాను. పచ్చి మోకాలి ఎముక వేసి, అది నమిలినంతసేపూ ఎదురుగానే కూర్చునేదాన్ని.

ఆదివారం మా పొరుగు సెనోబియో విందుకు వచ్చాడు. గొర్రెపిల్లను ఇనుప సిలువకు కట్టి నిప్పుల పక్కన కాల్చాం. మా వైపు విందుకొచ్చినవాడు తను తిన్న మొదటి పక్కటెముక ఆ ఇంటి కుక్కకు వెయ్యాలి. వెయ్యకపోతే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టే. సెనోబియో ఎముక విసరబోయాడు.

"వెయ్యకయ్యా, అది పసిది" అన్నాను.

"ఏం వదినా, మా చేతి ఎముక మీ కుక్కకు పనికిరాదా?"

"అది కాదు. కాలిన ఎముక పెళుసు. ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటుందట. ఆయన మరీ మరీ చెప్పాడు."

"లోయంతా విన్నాంలే. పెళ్ళాం సంగతే అడగలేదు, పాపం" అంటూ ఎముక విసిరేశాడు.

సిగ్గుతో నిప్పుల వైపు తిరిగాను. ఆ కాస్త సేపట్లోనే చిస్పా ఎముకను కరకర నమిలి మింగేసింది.

తెల్లారేసరికి వీపు వంచుకుని మూలుగుతోంది, విరేచనంలో నెత్తురు. సెనోబియో తలొంచుకుని ట్రక్కు తీశాడు. పట్నంలో పశువైద్యుడు సూది వేసి, మెత్తటి తిండి పెట్టమన్నాడు. తిరిగొస్తూ రేడియోవాళ్ళకు కబురు ఇచ్చాను, చిస్పాకు బాగాలేదని.

మర్నాటి నుంచి రోజూ కబురే. "దెల్మిరాకు. చిస్పా తిన్నదా?" "దెల్మిరాకు. గుమ్మడికాయ మెత్తగా ఉడకబెట్టు. నీ చేత్తో పెడితే తింటుంది." నీ చేత్తో అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రోజంతా గడిపాను.

నాలుగోరోజు చిస్పా లేచి కోళ్ళ వెంట పడింది. సంతోషించాను, నిజం. కానీ బాగైందని మాత్రం కబురు పంపలేదు. బాగైతే ఇక ఆ మనిషి ఎందుకు పలకరిస్తాడు? సిగ్గులేకుండా కుక్కపిల్ల జబ్బు మీద రెండ్రోజులు బతికాను. ఆరోరోజు రేడియో చదివింది. "దెల్మిరాకు. నాకు నిద్ర పట్టడం లేదు. ఎలాగైనా దాన్ని బతికించు."

ఏడుపొచ్చేసింది. ఎంత ఆశ ఉంటే మాత్రం, మనిషినలా క్షోభ పెట్టడం పాపమనిపించింది. కాగితం మీద రాసి, రేడియోవాళ్ళకు చేర్చమని సెనోబియోకిచ్చాను. అక్కడే నిలబడి చదివాడు.

"వదినా, ఇది లోయంతా వింటుంది."

"విననీ."

మర్నాడు పన్నెండున్నరకు చదివారు. "ఎవరిస్తోకు. చిస్పా మూడు రోజుల కిందటే లేచి తిరుగుతోంది. బాగాలేనిది నాకు. వచ్చి నన్ను చూడు."