బల్ల కోసం ఇల్లు

మనుషులు ఫ్లాటు ఎందుకు కొంటారో ఆ భవనంలో ఎవర్నడిగినా చెబుతారు. ఒకాయన అద్దె కట్టి కట్టి విసిగి కొన్నాడు. ఒకావిడ తోడికోడలు కొన్నదని కొన్నది. ఆ తోడికోడలు ఈవిడ ఎక్కడ కొనేస్తుందోనని ముందే కొని కూర్చుంది. మినిట్సమ్మ మాత్రం బల్ల కోసం కొన్నది.

మినిట్సమ్మది ఆసుపత్రి రికార్డు రూములో ఉద్యోగం. పాతికేళ్ళ నాటి చీటీ అడిగినా నిచ్చెనెక్కి, దుమ్ము దులిపి, తుమ్ము ఆపుకుని తెచ్చి చేతిలో పెడుతుంది. రెండో అంతస్తులో పంతొమ్మిదేళ్ళుగా అద్దెకుంటోంది. రాత ముత్యాల్లా ఉంటుందని ఓనర్ల సంఘం వాళ్ళు మీటింగుల్లో ఎవరేమన్నారో రాసే పని, అంటే మినిట్స్, ఆవిడకి అంటగట్టారు. ఆ పేరూ అలా వచ్చిందే. కానీ అద్దెవాళ్ళకి అక్కడ చెవులే గానీ నోరుండదు. అది రూలు. ఆ రూలు రాసిందీ ఆవిడ చేత్తోనే.

"పంతొమ్మిదేళ్ళు మినిట్స్ రాయించుకున్నారు, ఒక్క నిమిషం మాట్లాడనిచ్చారా?" అని భర్త వేళాకోళం. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు. ఊరందరికీ చూపు సరిచేస్తాడు గానీ, తన జోడు ఎక్కడ పెట్టాడో ఆయనకే కనపడదు.

ఇక బల్ల సంగతి. కింద లిఫ్టు పక్కన పాత చెక్క బల్ల ఒకటుంది, ముగ్గురు పట్టేది. మినిట్సమ్మ అత్తగారు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మామగారు పోయాక ఆరు నెలలు గోడవైపు తిరిగి పడుకుంది. అడిగితే ఊఁ, లేకపోతే ఉహూఁ. ఒకరోజు మినిట్సమ్మే బలవంతాన కిందికి తీసుకొచ్చి ఆ బల్ల మీద కూర్చోబెట్టింది. పక్కనొచ్చి కూర్చున్న కొరియరాయన చేతి కట్టు చూసి అత్తగారు, "ఎవడయ్యా కట్టింది దీన్ని? పార్సిలా, చెయ్యా?" అంది. అదీ, ఆరు నెలల తర్వాత ఆవిడ పలికిన మొదటి పూర్తి వాక్యం. ఆరోజు నుంచి పొద్దున పదింటికి అక్కడ కొలువు. దగ్గొచ్చినా, కోడలితో దెబ్బలాటొచ్చినా అందరూ ఆ బల్ల మీదికే వస్తారు.

సంఘం ప్రెసిడెంటు కన్ను సరిగ్గా ఆ బల్ల మీదే పడింది. ఆయన కాపురం మూడో అంతస్తులో, ఊతపదం "రూలంటే రూలే". ఒక మీటింగులో గొంతు సవరించుకుని, "లిఫ్టు దగ్గర ఆ పాత బల్ల చూట్టానికి బాలేదు. దారినపోయే వాళ్ళంతా కూర్చుంటున్నారు. తీసేసి నిలువుటద్దం పెడదాం. వచ్చే మీటింగులో తేల్చేద్దాం" అన్నాడు.

మినిట్సమ్మ కలం ఆగింది. సగం లేచి, "సార్, ఒక్క నిమిషం..." అంది.

"కూర్చోండమ్మా. అద్దెవాళ్ళు మాట్లాడకూడదు. మీరు రాసిందే కదా!"

అందరూ నవ్వారు. ఆవిడ కూర్చుని ఆ మాట కూడా పొల్లు పోకుండా రాసింది.

పైకొచ్చి చెబితే అత్తగారు "ఊఁ" అంది. మినిట్సమ్మ అప్పుడు ఆరు నెలలు విన్న ఊఁకారం అదే. మర్నాడు పదైనా ఆవిడ మంచం దిగలేదు.

ఎన్నాళ్ళనుంచో ఇంటికని దాచిన డబ్బుంది కదా, ఊరి చివర కొత్త ఫ్లాట్లు చూద్దామని భర్త ఆదివారం బయల్దేరదీశాడు. టై కట్టిన సేల్సబ్బాయి ఎదురొచ్చి అన్నీ చూపించాడు. జిమ్ము చూస్తే కళ్ళజోళ్ళాయనకి దిమ్మ తిరిగింది. స్విమ్మింగ్ పూల్ దగ్గర వంగి నీళ్ళు నిజమేనా అని ముట్టుకుని చూశాడు.

"ఒక్క పువ్వైనా లేకుండా పూలేమిటయ్యా? అయినా మనలో ఈత ఎవరికొచ్చు?" అంది మినిట్సమ్మ. "అది సరే బాబూ, మా అత్తగారు కూర్చునేదెక్కడ?"

"పెద్దవాళ్ళకి ఏడో అంతస్తులో లౌంజి ఉంది మేడం! ఫోన్లో ముందు రోజే బుక్ చేసుకుంటే గంటసేపు కూర్చోవచ్చు."

"ఎవరితో?"

అబ్బాయి బ్రోచరు అటూ ఇటూ తిప్పాడు. అందులో అది లేదు.

ఇంటికి రాగానే మినిట్సమ్మ బీరువా పైనుంచి పాత మినిట్స్ పుస్తకాలు దించింది. ఆరో పుస్తకంలో ఒక పేజీ దగ్గర ఆగి, మూడుసార్లు చదివి, భర్తని పిలిచింది. "ఏమండీ, మనం కింద ఫ్లాటు కొంటున్నాం. పంపు రూము పక్కది."

"నాలుగేళ్ళుగా ఎవరూ కొననిదా? రోజంతా మోటారు మోత! నన్ను పంపు పక్కకి పంపుతావా?"

"ముందు ఇది చదవండి."

ఆయన జోడు వెతుక్కుని చదివాడు. చదివి, జోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివి, మంచం మీద పడి నవ్వాడు.

విన్నవాళ్ళూ నవ్వారు, వేరే రకంగా. "ఈత కొలను వదిలి మోటారు కొనుక్కుందట!" అని లిఫ్టు పైకీ కిందికీ అదే మాట మోసింది. మినిట్సమ్మ పట్టించుకోలేదు. రెండు నెలల్లో రిజిస్ట్రేషను పూర్తయింది.

ఆ వారంలోనే ఆదివారం పొద్దున బల్ల సంగతి తేల్చే మీటింగు. కింద, లిఫ్టు ముందే కుర్చీలు వేశారు. మినిట్సమ్మ అత్తగారిని నడిపించుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి, తాను ముందు వరసలో కూర్చుంది. ప్రెసిడెంటు అలవాటుగా పుస్తకం, కలం ఆవిడ వైపు చాపాడు.

"రాయండమ్మా."

"రాయను సార్. మాట్లాడతాను. ఓనర్ని." రిజిస్ట్రేషను కాగితం చూపించింది. "రూలంటే రూలే కదా."

కలం గాల్లోనే ఉండిపోయింది. తీసుకునే నాథుడు లేక ప్రెసిడెంటే దాన్ని వెనక్కి లాక్కుని, మొహం ముడుచుకుని మొదలెట్టాడు. "మొదటి అంశం. బల్ల తొలగింపు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చాలా చేతులు లేచాయి. మినిట్సమ్మ కూడా లేచింది.

"సార్, ఒక్క నిమిషం. ఈసారి నిజంగా ఒక్కటే. పద్నాలుగేళ్ళ కిందటి మీటింగు, ఆరో పుస్తకం, నాలుగో అంశం. 'అందరిదైన చోట ఉన్న ఏ వస్తువునైనా తీసేయాలంటే ఓనర్లందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు వద్దన్నా తీయకూడదు.' నేను వద్దంటున్నాను."

"ఎవడు పెట్టాడా రూలు?" అరిచాడు ప్రెసిడెంటు.

"తమరే సార్. మూడో అంతస్తు మెట్లకి అడ్డంగా ఉన్న మీ చెప్పుల బీరువా తీసేయమని అందరూ పట్టుబట్టిన రోజున."

 పంపు మోతని మించి నవ్వు, ఇందాక ఎత్తిన చేతులతోనే చప్పట్లు.

"పాత రూలది! రద్దు చేద్దాం!"

"చేద్దాం సార్. ముందు బీరువా దింపిద్దాం. మనుషులున్నారా?"

"నేనున్నా!" అంది మూడో అంతస్తు పక్కింటావిడ. పద్నాలుగేళ్ళుగా ఆ బీరువాకి మోకాలు కొట్టుకుంటున్న మనిషి.

ప్రెసిడెంటు పైకి చూశాడు, జనాన్ని చూశాడు, చివరికి నేలని చూశాడు. "సరే. బల్ల ఉంటుంది" అన్నాడు.

"అలా గాలికి చెబితే ఎలా సార్, రాయండి" అని మినిట్సమ్మ బల్ల గుద్ది మరీ చెప్పింది. బల్ల పక్కనే ఉంది కనక నిజంగానే గుద్దింది. "దాని కిందే ఇంకో అంశం: అద్దెవాళ్ళు కూడా మాట్లాడొచ్చు. ఎవరైనా కాదంటారా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ అద్దెవాళ్ళు మాత్రం ఈలలు వేశారు.

నవ్విన నాప చేనే పండింది. ప్రెసిడెంటు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని గీస్తుంటే అక్షరాలు కోళ్ళు గెలికినట్టు పరుగెడుతున్నాయి. అత్తగారు కాసేపు చూసి, పక్కకి జరిగి బల్ల తట్టింది.

"అలా రాస్తే మెడ పట్టేస్తుంది నాయనా. ఇలా వచ్చి కూర్చో. చోటుంది."

ఆయన వచ్చి కూర్చున్నాడు. 'బల్ల తీయబడదు' అని బల్ల మీద కూర్చునే రాశాడు. రాస్తుంటే అత్తగారు ఆయన మణికట్టు పట్టుకుంది.

"నాడి గుర్రంలా పరుగెడుతోందేమయ్యా! బీపీ చూపించుకుని ఎన్నాళ్ళైంది? రేపు పదింటికి రా. నేనిక్కడే ఉంటా."