చిన్నబట్టలు

ఆ ఇంట్లో ఆఖరున నీళ్ళు పోసుకునేది ప్రసన్న. ఆమె వంతు వచ్చేసరికి గీజర్లో వేడినీళ్ళు అయిపోయి ఉంటాయి. బాత్రూం తలుపు వెనక మూలలో మాత్రం ఆరుగురు మగవాళ్ళు విడిచిన డ్రాయర్లూ బనియన్లూ ఒకదాని మీదొకటి కుప్పగా పడి ఉంటాయి. బకెట్ పక్కనే ఉన్నా అందులో ఎవరూ వేయరు. ఒంటి మీంచి జారవిడిచి, కాలితో మూలకు నెడతారు, అంతే. అట్టడుగున ఉండేది మామ హనుమంతయ్యది, మొదటి స్నానం ఆయనదే కాబట్టి. దాని మీద బావవి, బావ కొడుకులిద్దరివి, ఆమె భర్త ఓంప్రకాష్‌వి. అన్నిటికన్నా పైన ఈ మధ్యనే కొత్తగా చేరినవి ఆమె కొడుకు నృసింహవి. వాడికి పన్నెండేళ్ళు. నిరుటి దాకా వాడు విడిచిన నిక్కరు తెచ్చి అమ్మ చేతికిచ్చేవాడు. ఇప్పుడు వాడూ కాలితో నెట్టడం నేర్చుకున్నాడు.

ఇంట్లో వాటిని చిన్నబట్టలు అంటారు. వాషింగ్ మిషన్ వచ్చి ఆరేళ్ళయింది గానీ చిన్నబట్టలు అందులో వేయడానికి లేదు. "పూజకు కట్టుకునే చీరలు పడే మిషన్లో అవి వేస్తారా, మైల గాదూ" అంది అత్త సుబ్బరత్నమ్మ. పనిమనిషి దేవమ్మను అడిగి చూశారు. ఆమె చీపురు పక్కన పెట్టి, "అవి మాత్రం నేను ముట్టనమ్మా. కావాలంటే ఇంకో ఇల్లు చూసుకుంటా" అని, మళ్ళీ చీపురు తీసుకుని ఊడ్చుకుంటూ పోయింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ అడగలేదు. ఒక్క మాటతో తేలిపోయింది. ఆ రోజంతా ప్రసన్న దేవమ్మ వీపు వైపు చూస్తూనే ఉంది.

నిజానికి ఆ పని ఆమె నెత్తి మీద ఎవరూ పెట్టలేదు. తనే తెచ్చిపెట్టుకుంది. పెళ్ళై ఆళ్ళగడ్డకు వచ్చిన మూడో రోజు, ఆఖరున స్నానానికి పోయి, తలుపు వెనక కుప్ప చూసింది. గడివేముల దగ్గర తన పల్లెలో, పుట్టింట్లో ఆఖరున పోసుకున్నవాళ్ళు బాత్రూం కడిగి, ఉన్న గుడ్డ ఏదైనా పిండి ఆరేసి వచ్చేవాళ్ళు. ఇక్కడా అంతేననుకుంది. అప్పటిదాకా ఈ ఇంట్లో ఎవరి మొగుడివి వాళ్ళు సాయంత్రం పిండుకునేవాళ్ళని ఆమెకు ఎవరు చెప్పారు? అన్నీ ఉతికి తీగ మీద వేసి వచ్చేసరికి అత్త పెరట్లోనే నిలబడి ఉంది. సాయంత్రానికి ఆ సంగతి వీధంతా తెలిసింది. "మంచి పిల్ల. మామ గుడ్డలు గూడా చెప్పకుండానే పిండింది. దీనికి యాడా మాట రాదు." పందొమ్మిదేళ్ళ పిల్లకు ఆ మాట ఎంత బాగుందంటే, మర్నాడు కూడా ఉతికింది. నాలుగో రోజుకు తోడికోడలు సరస్వతి తన మొగుడివి విడిగా తీయడం మానేసింది. నెల తిరిగేసరికి అది ఆమె పని అయింది. ఏడాదికి, అది పని అని కూడా ఎవరికీ గుర్తులేదు.

పదహారేళ్ళుగా, ఆ ఇంటి మగవాళ్ళ ఒంటి సంగతులు వాళ్ళ పెళ్ళాల కన్నా ముందు ఆమెకే తెలుస్తున్నాయి. మామకు మొలలు ముదిరాయని అత్త కన్నా ముందు ఆమెకు తెలుసు. బావ పెద్ద కొడుకు ఒంటిమీదికి ఎప్పుడు వయసొచ్చిందో వాడి తల్లి కన్నా ముందు ఆమెకు తెలుసు. తెలుసుకోవాలని ఏనాడూ అనుకోలేదు. ఒకసారి బావవి మూలన పడి అరగంట కాకముందే చీమలు పట్టాయి. మిగతా వాటిని వదిలి ఆ ఒక్కదాన్నే పట్టాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు ఓంప్రకాష్‌తో మెల్లగా చెప్పింది. నంద్యాలలో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బాగా ఎక్కువ ఉందని తేలింది. ఇంట్లో అందరూ డాక్టరును మెచ్చుకున్నారు. బావ మాత్రం భోజనాల దగ్గర అందరి ముందూ నవ్వుతూ, "మా మరదలు మన గుడ్డలు పరీక్ష చేస్తాండాది జాగ్రత్త" అన్నాడు. అందరూ నవ్వారు. ఓంప్రకాష్ కూడా. ఆమె నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఎవరికి వడ్డిస్తోందో ఆ కాసేపు ఆమెకు కనపడలేదు.

అసహ్యం ముక్కుతో మొదలై ముక్కుతోనే పోతుందనుకునేది మొదట్లో. అలా పోలేదు. గొంతులో కూర్చుంది. పొద్దున పూట ఏదీ దిగదు. రెండింటికి గానీ అన్నం ముందు కూర్చోదు, కూర్చునే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటుంది. పెళ్ళైన కొత్తలో ఓంప్రకాష్ ఒకసారి ఆమె చేతిని తన భుజం మీంచి తీసి పక్కన పెట్టాడు. "ఎప్పుడు జూసినా సబ్బు కంపే నీ చేతులు" అన్నాడు. ఆ చేతులు ఎవరివి ఉతికి అట్లా అయ్యాయో అతనికి తట్టలేదు. ఆమె చెప్పలేదు. ఆడవాళ్ళవి ఎవరివి వాళ్ళు ఉతుక్కుని, తువ్వాలు కింద దాచి ఆరేసుకుంటారు. మగవాళ్ళవి మాత్రం పెరట్లో ఎండకు, వచ్చేపోయే వాళ్ళందరికీ కనపడేట్టు వరసగా వేలాడుతుంటాయి.

ఫిబ్రవరిలో ఆమె తల్లికి నంద్యాలలో కంటి ఆపరేషన్ చేశారు. తోడుగా ఉండాలని ప్రసన్న రెండు రోజులు పోయింది. ఆ రెండు రోజులూ ఆసుపత్రి బాత్రూంలో, గోడలు పెచ్చులూడి, గొళ్ళెం సరిగ్గా పడని బాత్రూంలో, ఆమె తన ఒంటి మీద నీళ్ళు పోసుకుని, తన గుడ్డలు పిండుకుని బయటికి వచ్చింది. పది నిమిషాలు పట్టలేదు. రెండో రోజు పొద్దున ఎనిమిదికే ఆకలయింది. బయట బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిన్నది. ఇంకో రెండు పెట్టించుకుంది. వార్డులో పనిచేసే ఫెబా అనే నర్సమ్మ, "మీకేనా అక్కా అన్నీ" అని నవ్వితే, ఆమె కూడా నవ్వింది.

తిరుగు బస్సు నిండా అహోబిలం పోయేవాళ్ళు. శిరివెళ్ళ దాటినప్పటి నుంచి ఆమెకు బాత్రూం మూల కళ్ళ ముందు పెరుగుతూ వచ్చింది. రెండు రోజులవి పోగై ఉంటాయి. పన్నెండు జతలు. ఆ లెక్క తెలియకుండానే వేళ్ళ మీద వేసుకుంది.

ఇంటికొచ్చి పెరట్లోకి పోతే, తీగ మీద అన్నీ ఉతికి ఆరేసి ఉన్నాయి. ఒక్కొక్క దానికి క్లిప్పు పెట్టి, వరసగా. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. వంటింట్లోకి పోయి, "అక్కా, నువ్వు నడుంనొప్పితో ఎందుకు కష్టపడినావు" అంది.

సరస్వతి బెండకాయలు కోస్తూ తల ఎత్తలేదు. "నేనా? నాకు వంగేదానికి చేతనవుతాదా. పాప ఉతికింది."

పాపంటే సాత్విక. ప్రసన్న కూతురు. పదో తరగతి.

సుబ్బరత్నమ్మ అప్పుడే దేవుడి గదిలోంచి బయటికొచ్చింది. "నీకన్నా తెల్లగా తీసింది. ఒక్క మాట చెప్తే చాలు, పలకలా, ఉలకలా. మంచి పిల్ల. దానికి యాడికి పోయినా మాట రాదు."

అవే మాటలు. పదహారేళ్ళలో ఒక్క అక్షరం మారలేదు. ప్రసన్న చేతిసంచి ఇంకా దించలేదని గుర్తొచ్చి కింద పెట్టింది.

సాయంత్రం సాత్విక బడి నుంచి వచ్చి పెరుగన్నం తింటోంది. చెంచాతో తింటోంది. ఆ పిల్ల ఎప్పుడూ చెంచా ముట్టదు.

"చెయ్యికి ఏమన్నా తగిలిందా?"

"లేదు, ఊరికే." ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని, "ఎన్నిసార్లు కడిగినా పోలేదమ్మా వాసన" అంది. నోట్లో అన్నం అటూ ఇటూ తిప్పుతోంది, మింగడం లేదు. "నిన్న లేటయిందని క్లాసు బయట నిలబెట్టినారు. ఎందుకు లేటయిందో అడిగినారు. చెప్పలేదు. ఏమని చెప్పాల?"

"మీ అన్నలు ఏమన్నా అన్నారా?"

సాత్విక చెంచా కంచంలో పెట్టింది. "శ్రీవిష్ణన్న తలుపవతల నిలబడి, మ్మే, నాది నీలంది, గట్టిగా రుద్దు అని నవ్వినాడు. తమ్ముడు గూడా నవ్వినాడు."

బావ కొడుకు. పద్దెనిమిదేళ్ళ వెధవ. తన చేతుల మీద పెరిగిన వెధవ. వాడి పక్కన నవ్విన పన్నెండేళ్ళవాడు తన కడుపున పుట్టినవాడు. కొడుకు మీద కన్నా, బావ కొడుకు మీద కన్నా, ఎందుకో ఆ పిల్ల మీదే కోపం వచ్చింది.

"ఉతకనని చెప్పలేక పోయినావా? నోరు లేదా?"

సాత్విక ఆమె ముఖంలోకి చూసింది. నిష్ఠూరం లేదు, ఏడుపు లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"అట్ల చెప్పొచ్చా? నువ్వెప్పుడూ చెప్పలేదు గదమ్మా."

మర్నాడు ప్రసన్న ఐదింటికే లేచి, అందరికన్నా ముందు నీళ్ళు పోసుకుంది. వేడినీళ్ళు ఇంత వేడిగా ఉంటాయని ఆమె మర్చిపోయింది. తర్వాత సాత్వికను పంపింది. హనుమంతయ్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, లోపల నీళ్ళ చప్పుడు విని, ఏమీ అర్థం కాక వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు కుప్ప అట్లాగే ఉంది. రెండో రోజు రెట్టింపైంది. మూడో రోజు సుబ్బరత్నమ్మ దాని మీద ఫినాయిలు పోసి వచ్చింది గానీ ఉతకలేదు. ఇంట్లో ఆడవాళ్ళు ప్రసన్నతో మాట్లాడటం మానేశారు. మగవాళ్ళకు ఇంకా ఏమీ తెలియదు, అరల్లో మడతపెట్టినవి ఇంకా ఉన్నాయి కాబట్టి.

నాలుగో రోజు అరలు ఖాళీ అయ్యాయి.

పొద్దున బొరుగులతో ఉగ్గాని చేశారు. మగవాళ్ళు వరసగా కూర్చున్నారు. బావ లుంగీ ఎగ్గట్టుకుంటూ, "నా గుడ్డలు ఒగటీ లేవే" అని భార్యను అడిగాడు. సరస్వతి అతని కంచంలో మిరపకాయ బజ్జీ వేసింది. సుబ్బరత్నమ్మ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అందుకుంది.

"నాలుగు దినాలాయ. ఆ బాత్రూంలో కాలు పెట్టేటట్టు లేదు. ఏమ్మే, నీకేం రోగమొచ్చింది?"

"రోగం లేదత్తా. నేనింక ఉతకను."

బావ నవ్వాడు. "ఓమా, నీ పెండ్లాం నోటీసిచ్చిందప్పా."

ఓంప్రకాష్‌కు చెవులు ఎర్రబడ్డాయి. "ఏందే నీ కథ? ఇన్నేండ్లు ఉతికినావు, ఇప్పుడు కొత్తగా వాసనొస్తాందా నీకు?"

"మొదటి దినం నుంచీ వస్తాంది."

అతను మళ్ళీ కంచంలోకి వంగాడు. సుబ్బరత్నమ్మ గొంతు తగ్గించింది. "పోనీలే, దానికి గీర పట్టింది. సాత్వికా, నువ్వు పోమ్మా. నా తల్లివి గదా, బేగా పిండేసి బడికి పో."

సాత్విక అప్పటికే సంచి భుజానికి తగిలించుకుని గడప దగ్గర ఉంది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంచి తీసి గోడకు ఆనించి, జడ వెనక్కి వేసుకుని, బాత్రూం వైపు నడిచింది. ఎవరూ తోయలేదు. ఎవరూ తిట్టలేదు. ఆ పిల్ల కాళ్ళే పోతున్నాయి. ప్రసన్న ఆ నడక చూసింది. ఆ నడక ఆమెకు బాగా తెలుసు. ఉగ్గాని గిన్నె కింద పెట్టి పోయి కూతురి మణికట్టు పట్టుకుంది.

"బడికి పో."

"అవ్వ చెప్తాంది గదమ్మా."

"నేను చెప్తాండా. పో."

సాత్విక అవ్వ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. సంచి తీసుకుని, చెప్పులేసుకుని, మెట్లు దిగింది. గేటు చప్పుడయ్యేదాకా ప్రసన్న కదల్లేదు.

"నర్సింహా, లే."

వాడు నోటి నిండా ఉగ్గానితో తలెత్తాడు. "నేనా?"

"నువ్వే. నీవి నువ్వు పిండుకో, రా."

వాడు నవ్వబోయి, వాళ్ళ నాయన వైపు చూశాడు. నాయన కంచంలోకి చూస్తున్నాడు. ప్రసన్న వాడి రెక్క పట్టుకుని లేపింది, బాత్రూం దాకా తీసుకుపోయి లోపలికి పంపింది. వాడు ముక్కు మూసుకున్నాడు. "థూ, కంపమ్మా."

"నీదే."

వాడు రెండు వేళ్ళతో కుప్ప కెలికాడు. వెతికి వెతికి తనవి బయటికి లాగాడు. కుళాయి తిప్పాడు. రుద్దడం చేతకాక మోకాళ్ళ దాకా తడుపుకున్నాడు. ఏడుస్తూనే రుద్దాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంది, చేయి వేయలేదు. వాడు సరిగ్గా పిండకుండా, ఇల్లంతా నీళ్ళు కారుస్తూ, పెరట్లోకి పోయి తీగ మీద పడేసి వచ్చాడు.

సుబ్బరత్నమ్మ వాడిని దగ్గరకు లాక్కుని కొంగుతో చేతులు తుడిచింది. "మగపిల్లోని చేత ఈ పని చేయిస్తావా. ఈ పొద్దు వీడు, రేపు మీ ఆయన. ఆ మీదట మీ మామ చేత గూడా పిండిస్తావా ఏంది?"

ఆ మాటకు అందరూ ఒకేసారి హనుమంతయ్య వైపు చూశారు. ఆయన చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. పదహారేళ్ళలో ప్రసన్న ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. కాఫీ ఇవ్వాలన్నా గ్లాసు గట్టు మీద పెట్టి గాజులు చప్పుడు చేయడమే. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెబితే అత్త చెబుతుంది. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో ఆయనకు బహుశా తెలియదు.

ప్రసన్న చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"సబ్బు గూట్లో పెట్టినా మామా."