బండలు లేపిన ఇల్లు

హాల్లోని షాబాదు బండల సందుల్లో రాణి చక్రాల కుర్చీ రోజూ ఇరుక్కునేది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర జరిగిన స్కూటీ ప్రమాదంలో ఆమె నడుము దెబ్బతిని, కాళ్లు పడిపోయాయి. దవాఖానా నుంచి నాచారంలోని ఇంటికి తీసుకొచ్చాక, తండ్రి కరుణాకర్ టైల్స్ వేయిద్దామని మేస్త్రీ మహిపాల్‌ను పిలిపించాడు.

మహిపాల్ సుత్తి పిడితో బండల మీద తట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు. చాలాచోట్ల డొల్లగా మోగింది.

“బండల మీదనే గమ్ పెట్టి అతికియ్యి. జల్ది అయిపోవాలె. బిడ్డ తిప్పలు సూడలేకపోతున్న,” అన్నాడు కరుణాకర్.

“అతికియ్యొచ్చన్నా. గని కింద మన్ను కుంగింది. బండ కదిల్తే పైన టైల్ పగుల్తది. హాలు నేల ఎత్తయి బాత్‌రూంలకు దిగే మెట్టు ఇంకా పెద్దగైతది. అన్నీ లేపి, మన్ను గట్టిగ దిమ్మిస కొట్టి కాంక్రీట్ ఏస్తే హాలు, బాత్‌రూం రెండూ సమంగ తేవొచ్చు. జర టైం పడ్తది, ఇల్లు ఖాళీ చెయ్యాలె.”

“మెట్టుంటే ఏమాయె? నేను ఎత్తుకపోతలేనా?” అంది తల్లి సక్కుబాయి.

రాణి తలెత్తింది.

“నన్ను ఎత్తినప్పుడల్లా నీ నడుము పట్టేస్తున్నది. నేను సూస్తలేనా అమ్మా? గందుకే నీళ్లు తాగుడు తగ్గించిన.”

సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“టైల్స్ మెరవకున్నా మంచిదే నాయినా. బాత్‌రూంలకు నేనొక్కదాన్నే పోవాలె.”

కరుణాకర్ మడమతో ఒక బండను తట్టి చూశాడు. “లేపు మహిపాల్. అన్నీ లేపు,” అన్నాడు.

తల్లీకూతుళ్లు చెంగిచెర్లలో రాణి మేనత్త ఇంటికి వెళ్లారు. బండలు లేపితే కింద ఎలుకల బొరియలు, తడి మన్ను బయటపడ్డాయి. ఆ మన్ను తీసేసి, మొరం పోసి, కాంక్రీట్ వేశారు. తొందరపెట్టిన కరుణాకరే ఇప్పుడు ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి రాగానే కాంక్రీట్‌కు నీళ్లు పడుతూ, బాగా గట్టిపడేదాకా టైల్ ముట్టనివ్వలేదు. జారకుండా గరుకు టైల్సే ఎంచుకున్నాడు.

తిరిగొచ్చిన రోజు రాణి కుర్చీ తోసుకుంటూ హాలు దాటింది. ఎక్కడా ఆగకుండా బాత్‌రూంలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సక్కుబాయి వెనకాలే వెళ్లి తలుపు పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

“అమ్మా, తలుపు కాడనే ఉన్నవా?” లోపలినుంచి రాణి అడిగింది.

“లేను బిడ్డా, వంటింట్ల ఉన్న,” అంది సక్కుబాయి అక్కడినుంచే.

లోపల రాణి పకపకా నవ్వింది.