బావమరిదికి వేసిన నెమ్మది బంతి

భుజానికి ఆపరేషనయ్యాక ఆరిన్ స్టాడ్లర్ బంతిలో వేగం పోయింది. ఏళ్ల తరబడి ఊరి బేస్‌బాల్ జట్టుకి బంతి విసురుతున్నవాడు. ఆ వేసవి మాత్రం వచ్చినవాడల్లా అతని బంతుల్ని కంచె దాటించి మొక్కజొన్న చేలోకి కొట్టాడు. అందరికంటే ఎక్కువగా కొట్టింది పొరుగూరి జట్టులో ఆడే సొంత బావమరిది వెర్లిన్. కొట్టి ఊరుకునే రకమా!

"బావా, ఈసారి పోస్టులో పంపించు. ఇంతకంటే తొందరగా అందుతుంది!"

వేగం లేనివాడికి మిగిలింది మాయ చెయ్యడమే. ఆరిన్ ఛేంజప్ మొదలుపెట్టాడు. బంతిని వేళ్ల చివర కాకుండా అరచేతిలోకి లోతుగా పట్టుకుని, చేతిని మాత్రం ఎప్పటిలాగే బలంగా తిప్పి విసరాలి. ఆ ఊపు చూసి అవతలివాడు తొందరపడి బ్యాటు ఊపేస్తాడు. బంతి తాపీగా తర్వాత వస్తుంది.

సాయంత్రాలు గొడ్లపాక వెనక భార్య లోర్నా గ్లవ్ తొడుక్కుని బంతులు పట్టేది.

"ఇది నెమ్మదిది," అనేసేది, బంతి అతని చెయ్యి దాటకముందే.

"ఎలా తెలుస్తోందే నీకు?"

"దొంగమొహం పెడుతున్నావు మరి! చెయ్యి కూడా జాలిగా తిప్పుతున్నావు. నామీద కోపమొచ్చిందనుకుని విసురు."

"నీమీద కోపమా? అంత ధైర్యమే!"

"అయితే మా తమ్ముడి మీద తెచ్చుకో."

అది కుదిరింది.

ఆగస్టులో ఆఖరి ఆట. ఆరిన్ జట్టు ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే గెలుపే. ఆ ఒక్కడూ వెర్లిన్.

"కానియ్ బావా, నిద్రొస్తోంది!"

మొదటి బంతి ఉన్న బలమంతా పెట్టి వేశాడు. వెర్లిన్ దాన్ని గీత బయటికి కొట్టాడు. అది ఒక తప్పు కింద లెక్క. రెండోది ఛేంజప్. వెర్లిన్ గిర్రున తిరిగి మోకాలిమీద కూలబడ్డాకగానీ బంతి రాలేదు. మైదానమంతా పగలబడి నవ్వింది.

ఇంకొక్కటి తప్పితే ఔట్. వెర్లిన్ పళ్లు బిగించి నిలబడ్డాడు. ఈసారి తొందరపడేలా లేడు. మళ్లీ నెమ్మదిది వేస్తే చేలోకి పోతుంది. ఆరిన్ చెయ్యి అదే ఊపుతో తిప్పి, తనకు మిగిలిన ఆ కాస్త వేగంతోనే విసిరాడు. వెర్లిన్ ఇంకా ఆగుతూనే ఉన్నాడు. బంతి అతన్ని దాటి, వెనక కూర్చున్న క్యాచర్ చేతిలో టప్పుమంది. మూడో తప్పు, ఔట్!

"అంత వేగం ఎక్కడిది బావా?"

"నాకెక్కడిదిరా? నువ్వే నెమ్మదించావు!"

వెర్లిన్ తిన్నగా లోర్నా దగ్గరికెళ్లాడు. "ఇదంతా నీ పనేనా? అసలు నువ్వు నాకు అక్కవేనా?"

"రేపట్నుంచి అక్కనే. మొక్కజొన్న పొత్తులు ఉడకేసి వెన్న రాశాను, తిందువుగాని రా."

వెళ్లి కడుపునిండా తిన్నాడు. వెన్న అంటిన చేత్తో బంతి తీసుకుని, "ఎలా పట్టుకోవాలో చూపించవా?" అని బతిమాలాడు.

ఆరిన్ ప్రేమగా చూపించాడు, సగం వరకే.