ఏజెంటు కారులో ఎఫీ

కోళ్లను దింపడమే పెద్ద పనైంది. ఆ నల్ల హంబర్ కారు వెనకసీటు మీద ఏళ్ల తరబడి అవే కాపురం ఉంటున్నాయి. ఎఫీ ఒక్కొక్కదాన్నీ రెక్కలు పట్టి షెడ్డు బయటికి విసిరింది. తోలు సీటు మీది రెట్ట గోకి, తడిగుడ్డతో తుడిచి, ముందు కూర్చుని తాళం తిప్పింది. బండి దగ్గింది, పొగ ఊదింది, ఆఖరికి లేచింది.

"ఇందులోనా? హారిస్ దాకా ఇందులోనే?" అని గుమ్మంలోంచి అడిగింది మార్సలీ. పోయిన మొగుడు హెక్టర్‌కు అక్క ఆమె, ఎఫీకి ఆడపడుచు. "బస్సులు లేవటే?"

"బస్సులో వెళ్తే ఎవరో ముసలిది దిగిందనుకుంటారు వదినా. ఇందులో వెళ్తే ఏజెంటు కారులోంచి ఎఫీ దిగిందంటారు."

"దిగి ఏం చేస్తావ్?"

"చెయ్యెత్తుతా."

"చెయ్యెత్తడానికి ఇన్ని దీవులు దాటాలా! ఉండు, నేనూ వస్తున్నా. నువ్వొక్కదానివే వెళ్తే ఎవర్నో ఒకర్ని కొట్టి వస్తావ్."

ఎఫీ పెళ్లై వచ్చింది బారా దీవికి. పుట్టింది మాత్రం ఉత్తరాన హారిస్ దీవిలో, గ్రీనబోస్ట్ అనే ఊళ్లో. ఆ ఊరి ఇళ్లు ఊరివాళ్లు కట్టుకున్నవే. ఇళ్ల కింది నేల, వెనక కొండ, ముందున్న ఒడ్డు మాత్రం లండన్‌లో ఉండే ఒక దొరవి. ఆ దొరను ఊళ్లో చూసినవాడు లేడు. ఇప్పుడు ఆ దొరకు నేల మీద మోజు తీరింది. ఊళ్లో సగానికి మించి చేతులెత్తితే ఊరివాళ్లకే అమ్ముతానన్నాడు, లేదంటే జింకల వేటకు వచ్చే ఇంకో దొరకు అమ్మేస్తాడు. చేతులెత్తేది ఇవాళ మధ్యాహ్నం, ఊరి హాల్లో. ఇవాళ శనివారం. రేపు ఆదివారం, దేవుడి రోజు, హారిస్‌లో బట్ట కూడా ఆరెయ్యరు. ఎల్లుండికల్లా దొర సంతకం పెట్టేస్తాడు. తండ్రి మేతహక్కు ఇంకా ఎఫీ పేరనే ఉంది కాబట్టి ఒక చెయ్యి ఆమెది. సగం ఊరు కొందామంటోంది, సగం ఊరికి గుండె దడ. ఒక్క చెయ్యి తగ్గినా ఊరు పోతుంది.

ఈ కారు ఆ ఊళ్లో దొర తరఫున పెత్తనం చేసిన క్రైటన్ ఏజెంటుది. ఎఫీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తుఫాను తర్వాత ఒడ్డుకు ఒక దూలం కొట్టుకొచ్చింది. చెట్లు లేని ఊళ్లో దూలమంటే బంగారమే. నాన్న దాన్ని ఈడ్చుకొచ్చి ఆవుల కొట్టానికి కప్పు వేశాడు. క్రైటన్ ఈ కారులో వచ్చాడు. ఒడ్డు దొరది కాబట్టి ఒడ్డుకొచ్చిన కట్టె కూడా దొరదేనన్నాడు. కారు దిగను కూడా దిగలేదు. అద్దం దించి, కప్పు విప్పించి, దూలాన్ని మళ్లీ ఒడ్డున పడేయించాడు. అది అక్కడే పుచ్చిపోయింది. దొర దాంతో పళ్లపుల్ల కూడా చేసుకోలేదు. ఆవు వానలో తడుస్తూ నిలబడింది. నాన్న టోపీ చేత పట్టుకుని నిలబడ్డాడు. ఎఫీ కోపమంతా ఇప్పటికీ ఆ టోపీ మీదే.

క్రైటన్ పోయాక దొర ఎస్టేటు పాత సామాను వేలం వేసింది. పెళ్లికి ఏం కావాలని హెక్టర్ అడిగాడు. ఎఫీ 'ఆ కారు' అంది. పిచ్చిదనుకున్నాడు, అయినా కొన్నాడు.

బారా నుంచి కార్లను మోసే మొదటి ఫెర్రీ పడవ ఎక్కి ఎరిస్కేలో దిగి, సముద్రానికి అడ్డంగా వేసిన రాళ్లకట్ట మీదుగా దక్షిణ యూయిస్ట్‌లోకి వచ్చారు. ఒకే కారు పట్టే రోడ్డు. ఎదురొచ్చినవాళ్లు పక్కకు ఒదిగే చోట్లలో ఆగుతారు, దాటేటప్పుడు చెయ్యెత్తుతారు. ఈ కారును చూసి మాత్రం పెద్దవాళ్లు చెయ్యెత్తడం మాని టోపీలు తీస్తున్నారు.

"వీళ్లకేమైంది?" అంది ఎఫీ.

"నల్లకారు కదా, బిషప్ అనుకుంటున్నారు." మార్సలీ అద్దం దించి, మొహం గంభీరంగా పెట్టి, వేళ్లతో శిలువ గీసి ఆశీర్వదించడం మొదలుపెట్టింది.

"పాపం తగులుద్ది వదినా!"

"నీకేంటే, మీ ప్రొటెస్టెంట్లకు ఆశీర్వాదాలూ లేవు, పాపాలూ లేవు. బండి మెల్లగా పోనీ, అదిగో ఇంకొకాయన."

ఓట్స్ రొట్టె, జున్ను బండి నడుపుతూనే తిన్నారు. బెన్‌బెక్యులా దాటి, ఉత్తర యూయిస్ట్ దాటి, బెర్నరే రేవుకు చేరేసరికి హారిస్ ఫెర్రీ నోరు తెరిచి ఉంది. పడకల వ్యాన్లలో తిరిగే టూరిస్టులు బారులు తీరి ఉన్నారు. రేవులో పనిచేసే రోరీ అడ్డం వచ్చాడు.

"బుక్ చేశారా అమ్మా?"

"నేను పుట్టినప్పుడే మా అమ్మ చేసింది. అవతల దీవి నాది."

"అలా కాదమ్మా, ఖాళీ లేదు. సోమవారం రండి."

"సోమవారం ఎందుకూ, ఊరి దినానికా?"

ఎఫీ కారును పోనిచ్చి, ఫెర్రీ నోటికి అడ్డంగా నిలిపి, ఇంజను ఆపి, తాళం రవికలో వేసుకుంది.

"ఇప్పుడు తియ్యి నాయనా."

వెనక వ్యాన్లు హారన్లు మోగించాయి. ఒక టూరిస్టు మాత్రం ముచ్చటగా ఉందంటూ కారుకు ఫొటో తీసుకున్నాడు. గోల విని ఫెర్రీ నడిపే పెద్దాయన పైనుంచి తొంగి చూశాడు. చూసి, మెట్లు దిగి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, చక్రం మీద ఉమ్మేశాడు.

"ఇది క్రైటన్‌ది కాదూ? మా మామ వలలు తగలబెట్టించాడు వాడు."

"ఇప్పుడు నాది. గ్రీనబోస్ట్‌లో చెయ్యెత్తడానికి పోతోంది."

పెద్దాయన రోరీ వైపు తిరిగాడు. "ఆ వ్యాన్లను దగ్గరికి జరుపు. దీన్ని ముందెక్కించు."

"రూలు ఒప్పుకోదు..."

"రూలు నిన్న నేను చెప్పిందే కదరా, ఇవాళ ఇది చెబుతున్నా." తర్వాత గొంతు తగ్గించి ఎఫీతో అన్నాడు. "తిరిగొచ్చేటప్పుడు ఆ వెనకసీట్లో నన్నోసారి కూచోనియ్యాలి."

"కోడిరెట్ట కంపు."

"ఇంకా మంచిది."

అవతల దిగాక పెద్దరోడ్డున వెళ్తే నేరుగా హాలే. అందరూ ఆ దారినే వెళ్తారు. ఎఫీ కొండదారి పట్టింది. క్రైటన్ ఎప్పుడూ అటే వచ్చేవాడు, మేతలో ఉన్న గొర్రెలను లెక్కపెట్టుకుంటూ. కొండ మీంచి ఆ కారు దిగుతుంటే ఊరంతా చూడాలని, స్టీరింగు ముందు తనే ఉండటం చూడాలని ఆమె పొగరు. ఆ పొగరే కొంప ముంచింది.

హాలు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మనిషి లేడు. రెండు కుర్చీలు తిరగబడి ఉన్నాయి. కప్పుల్లో టీ ఇంకా పొగలు కక్కుతోంది. వంటగదిలో షీనా అనే కోడలుపిల్ల కెటిల్ పట్టుకుని, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని ఉంది.

"మీరా ఎఫీ పెద్దమ్మా! అయ్యో, మీరా!"

"ఎక్కడే అందరూ?"

"వెనకదారిన కొండెక్కారు, గొర్రెల్ని దాచడానికి! టోర్మోద్ తాత కిటికీలోంచి చూసి 'నల్లకారు!' అని ఒక్క కేక పెట్టాడు. పెద్దాళ్లు లేచి పరుగు. వాళ్లెందుకు పరిగెత్తారో తెలీక చిన్నాళ్లూ వాళ్ల వెనకే పరుగు. మా ఆయన చేతిలో కేకు ముక్కతో పోయాడు."

ఎఫీకి అర్థమైంది. ఇంటికి ఇన్నే గొర్రెలని ఎస్టేటు హద్దు. ప్రతి ఇంటికీ హద్దు దాటిన నాలుగు గొర్రెలు ఎక్కువే. నల్లకారు కొండ మీద కనిపిస్తే ఆ నాలుగింటినీ రాతిదొడ్డి వెనక్కి తోలడం ఈ ఊళ్లో నడక రాగానే నేర్పే విద్య. క్రైటన్ చచ్చి మట్టిలో కలిసిపోయాడు. వాళ్ల కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలియదు.

బయట నల్లకారుకూ గోడకూ మధ్య వెండిరంగు జీపు దూరి ఆగింది. చేతులు లెక్కపెట్టడానికి వచ్చిన ఇప్పటి ఏజెంటు ప్రెంటిస్ దిగాడు. కుర్రవాడు, మెత్తటి మాట, నిగనిగలాడే బూట్లు. ఖాళీ హాలు చూశాడు.

"ఎవరూ రాలేదన్నమాట. బాధగానే ఉంది. ఊరికి ఆసక్తి లేదని దొరగారికి చెప్పేస్తాను."

గొంతులో బాధ లేదు. ఇంత సులువుగా తేలిపోతుందని అతను కూడా అనుకోలేదు.

"ఆగు బాబూ," అంది ఎఫీ. "మీటింగు కొండ మీద. పద."

"కొండ మీదా? నాకు ఫెర్రీ టైమవుతోందండీ."

"నీ జీపుకు అడ్డంగా నా కారుంది. అది కదిలితే కొండకే కదుల్తుంది. ఎక్కుతావా, ఇక్కడే ఉంటావా? రేపు ఆదివారం, నీకు టీ కూడా ఎవరూ పొయ్యరు."

మార్సలీ వెనకతలుపు తెరిచి పట్టుకుని, బిషప్ మొహం పెట్టి నిలబడింది. ప్రెంటిస్ ఎక్కాడు. ఎక్కి ముక్కు మూసుకున్నాడు. షీనా కూడా కెటిల్ పట్టుకునే అతని పక్కన ఇరుక్కుంది.

ఎఫీ కారును మళ్లీ కొండ ఎక్కించింది. ఇన్ని దీవులు దాటి, ఊరిని గెలిపిద్దామని వచ్చి, ఊరిని తనే చెదరగొట్టింది. వీళ్లను ఇప్పుడు బతిమాలితే జాలిపడతారు, చేతులు మాత్రం లేవవు. ఆమె హారన్ మీద అరచెయ్యి పెట్టి, దొడ్డి చేరేదాకా తియ్యలేదు.

రాతిగోడ వెనక ఊరంతా చతికిలబడి ఉంది. గొర్రెల మధ్య మనుషులు, మనుషుల మీద గొర్రెలు. అందరికన్నా పెద్దవాడు టోర్మోద్, ఎఫీకి మేనత్త కొడుకు, ఒక పొట్టేలు కొమ్ములు పట్టుకుని దాని మీద సగం పడుకున్నాడు. నల్లకారు మళ్లీ రావడం, వెనకసీట్లో నిజంగానే ఏజెంటు ఉండటం చూసి అతని మొహంలో నెత్తురు లేదు. ముందుతలుపు తెరుచుకుంది. ఎఫీ దిగింది.

"ఏం బావా, పొట్టేలుతో సంసారమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. టోర్మోద్ కళ్లు చిట్లించాడు. "ఎఫీ? నువ్వటే? ఆ కారు... ఆ కారులో నువ్వేంటే?"

"ఇది నా కోళ్లగూడు. నా కోళ్లగూడును చూసి ఊరు ఊరంతా కొండెక్కింది. సిగ్గులేదూ?"

"తెలీక..."

"తెలీకేంటి, బాగా తెలిసే! క్రైటన్ అనుకున్నారు. వాణ్ణి పూడ్చినప్పుడు పాడె మోసింది నువ్వే కదా బావా? బరువు తెలీలేదా? ఇదుగో, అసలు ఏజెంటు. చూడండి, ఎంత బిక్కచచ్చిపోయాడో. వీడికా మీరు భయపడేది? ఇవాళ మీరు చేతులెత్తకపోతే ఇంకో దొర, ఇంకో ఏజెంటు, ఇంకో రంగు కారు. మీ మనవలు ఇదే గోడ వెనక ఇలాగే ముడుచుకుంటారు. పొట్టేలు వాసన మీ వంశానికి బాగా పడుతుందిలే!"

"నోరు పారేసుకోకు ఎఫీ," టోర్మోద్ పొట్టేలును వదలకుండానే తల ఎత్తాడు. "నువ్వు బారాలో కూచుని ఎన్నయినా చెప్తావ్. కొంటే కంచెలు మనవే, రోడ్డు మనదే, గట్టు తెగితే పూడ్చుకోవాల్సింది మనమే. ఏది చెడినా తిట్టుకోడానికి దొర కూడా ఉండడు."

అది నిజమైన భయం. దొడ్డిలో చాలామంది తలలూపారు. ఎఫీ కోపం ఒక్క క్షణం తడబడింది. ఆమె ఇవ్వగలిగింది ఒకటే.

"నన్ను తిట్టండి," అంది. "ఏది చెడినా ఎఫీ వల్లే అని తిట్టండి. ఈ ఊళ్లో చిన్నప్పట్నుంచీ నాకు అలవాటే. కారేసుకుని వచ్చి ఎదురుగా నిలబడి తిట్లు పడతా. ఏ దొరైనా ఎప్పుడైనా వచ్చి పడ్డాడా?"

టోర్మోద్ పొట్టేలు కొమ్ముల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ప్రెంటిస్ గొంతు సవరించుకున్నాడు. "చూడండి, పద్ధతి ప్రకారం ఓటు హాల్లోనే జరగాలి. ఇక్కడ చెల్లదు."

"హాలు ఎవరిదయ్యా?" అంది షీనా. అంతవరకూ ఏ మీటింగులోనూ ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"ఎస్టేటుదే."

"కొండ ఎవరిది?"

"అదీ... ఎస్టేటుదే."

"మరింకేం? రెండూ ఆయనవే అయినప్పుడు ఎక్కడెత్తితే ఏం!" కెటిల్ కింద పెట్టి చెయ్యి ఎత్తింది.

ఎఫీ ఎత్తింది. షీనా మొగుడు చేతిలో కేకు ముక్క ఉందని చూసుకుని, దాన్ని నోట్లో కుక్కుకుని ఎత్తాడు. అతని పక్కవాడు ఎత్తాడు. ఇక్కడొకటి, అక్కడొకటి లేచాయి. గొర్రెల్ని పట్టుకున్నవాళ్లకు చిక్కొచ్చింది. ఎత్తాలంటే వదలాలి, వదిలితే దాచినవి ఏజెంటు కళ్లెదుటే బయటపడతాయి. వాళ్లు టోర్మోద్ వైపు చూశారు. ప్రెంటిస్ కూడా అతని వైపే చూశాడు.

ముసలివాడు తిట్టాడు. ఎఫీని తిట్టాడు, కారును తిట్టాడు, చచ్చిన క్రైటన్‌ను పేరు పెట్టి తిట్టాడు. తర్వాత కొమ్ములు వదిలి, మోకాళ్ల మీద లేచి, రెండు చేతులూ ఎత్తాడు.

"ఒక చెయ్యి చాలు బావా!"

"నా ఇష్టమే! రెండోది మీ నాన్నది!"

వదిలిన పొట్టేలు గోడ దూకింది. మిగతావాళ్లూ గొర్రెల్ని వదిలి చేతులెత్తారు, పొట్టేలు వెనక అవీ దూకాయి. లేచిన చేతుల కిందుగా, నల్లకారు పక్కగా, హద్దు దాటిన గొర్రెలన్నీ కొండ దిగి దొరగారి వేటబంగళా పచ్చిక వైపు పరుగెత్తాయి. ప్రెంటిస్ వేలు చూపించి ఏదో అనబోయాడు.

ఎవరూ చేతులు దించలేదు. వాటిని మళ్లించడానికి ఒక్కడూ కదల్లేదు.

"గొర్రెలను తర్వాత చూద్దువుగానిలే," అంది ఎఫీ. "ముందు వీటిని లెక్కపెట్టు."